కట్టు విప్పిన తరువాత

విరిగిన చేతికి మన ఊళ్లలో మొదట చెప్పు సలహా ఒక్కటే: కట్టు కట్టించుమని. కొందరు పట్టణమునకు పోయి ఎముకల వైద్యునిచేత పిండికట్టు వేయించుకొందురు. కొందరు రాయలసీమలోని పుత్తూరుకు పోయి, ఆ ఊరి పేరనే ప్రసిద్ధికెక్కిన కట్టు కట్టించుకొందురు. ఎక్కడ కట్టించుకొన్నను అందరును అడుగునది "కట్టు ఎప్పుడు విప్పుతారు?" అనియే. కట్టు విప్పిన నాటితో కష్టము తీరినట్లే అని మన నమ్మకము.

నా మిత్రుడొకరికి పోయిన ఏడు ఈ నమ్మకము చెడెను. ఆయన ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. స్కూటరు మీదనుండి పడగా కుడి మోచేయి విరిగి, కొన్ని వారములు కట్టుతో ఉండెను. కట్టు విప్పిన నాడు చూచుకొనగా ఎముక అతికినది, చెయ్యి మాత్రము పనిచేయదు. కండ తరిగి ముంజేయి పుల్లవలె అయినది. మోచేయి పూర్తిగా చాగదు, పూర్తిగా ముడవదు. అన్నము ముద్ద నోటికి అందదు. సుద్దముక్క బోర్డు పైభాగమునకు అందదు. వైద్యుడు చీటీపై ఫిజియోథెరపీ అని వ్రాసి పంపెను. మాస్టారు నాలుగు రోజులు పోయి, అయిదవ నాడు మానివేసి, సాయంత్రము మా యింటికి వచ్చెను.

"మీరు సైన్సు చెప్పేవారు గదా, నాకు మూడు సంగతులు చెప్పండి" అనెను. "నొప్పిగా ఉన్న చేతికి విశ్రాంతి ఇవ్వాలి గాని కదపమంటారేమిటి? కదిపినా, ఎంత కదపాలో వాళ్లకెట్లా తెలుస్తుంది? పోనీ, వైద్యమంటే వాళ్లు చేయాలి గాని, రోజుకు మూడుసార్లు ఇంటి దగ్గర మీరే చేయండి అంటే, ఇక వాళ్ల దగ్గరకు పోవడమెందుకండీ?"

ఈ ప్రశ్నలు నా మిత్రునివి మాత్రమే కావు. ఈ చికిత్సకు క్రొత్తగా పోవు ప్రతి రోగియు వీనిని మనసులో అడుగుకొనును. వైద్యశాస్త్రము కూడ నూరేండ్లకు పైగా ఈ మూడు ప్రశ్నలతోనే పెనగులాడెను. మందు, కత్తి లేకుండ కదలిక, మర్దనము, వేడి, నీరు మొదలైన భౌతిక సాధనములతో చేయు ఈ వైద్యమును తెలుగులో భౌతిక చికిత్స అందురు. అది పుట్టి పెరిగిన కథ తెలిసినచో ప్రశ్నలకు సమాధానములు వాటంతట అవియే దొరకును.

విశ్రాంతియే మందు అనిన కాలము

19వ శతాబ్ది మధ్యభాగమున ఇంగ్లండులోని పెద్ద వైద్యులు చాలమంది నా మిత్రుని పక్షముననే ఉండిరి. లండనులోని గైస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ తన ఉపన్యాసములను 1863లో గ్రంథముగా ప్రకటించెను. గాయపడిన అంగమునకు విశ్రాంతియే ప్రకృతి చూపిన చికిత్స అని అందులోని వాదము. లివర్‌పూలులో హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) ఆ వాదమును ఇంకను ముందుకు నడిపెను. థామస్ పుట్టిన ఇల్లు పట్టా లేకయే తరతరములుగా ఎముకలు సరిచేయు వారి ఇల్లు. తండ్రి ఆ వృత్తిలోనే పేరు పొందెను. కుమారుడు కళాశాలలో వైద్యము చదివి పట్టా పొందెను. కీలు జబ్బుపడినప్పుడు దానికి కచ్చితముగా, ఎడతెగకుండ, చాలకాలము విశ్రాంతి ఇవ్వవలెనని థామస్ సిద్ధాంతము. అందులకై ఆయన ఇనుప కమ్మీతో ఒక బద్దను కల్పించెను.

వీరు తెలివితక్కువ వారు కారు. ఆనాడు కీళ్లను పాడుచేయు వ్యాధులలో క్షయ ముఖ్యమైనది. క్షయక్రిమి సంగతి 1882 వరకు తెలియదు. దానిని చంపు మందు 1940 దశకము వరకు లేదు. కదిపినకొలది పాడగు కీలును కదలకుండ ఉంచుట తప్ప వారికి వేరు దారి లేకుండెను. మొదటి ప్రపంచ యుద్ధములో తొడ ఎముక విరిగిన సైనికులకు థామస్ బద్ద కట్టి మోసికొనిపోవుటచేత ఎందరో బ్రతికిరి. విరిగిన ఎముక అతుకువరకు అది కదలరాదని నేటి వైద్యులును ఒప్పుకొందురు. ఒక దశకు తగిన మందును అన్ని దశలకును మందుగా భావించుటలోనే పొరపాటు జరిగెను.

కదలనిచో లోపల ఏమి జరుగును? పనిలేని కండరము మొదటి వారము నుండియే తరుగ నారంభించును. కీలును చుట్టియున్న సంచివంటి పొర బిగిసిపోవును. ఎముకల కొనలపై నున్న మృదులాస్థికి రక్తనాళములు లేవు; కీలులోని ద్రవము నుండియే దానికి పోషణ. ఆ ద్రవము బాగుగా లోనికి పోయి బయటికి వచ్చుటకు మృదులాస్థిపై ఒత్తిడి పడి, వదలి, మరల పడుచుండవలెను. నీటిలోని స్పంజిని నొక్కి వదలినప్పుడు నీరు మారునట్లు దీనిని ఊహించుకొనవచ్చును. కదలని కీలుకు ఈ రాకపోకలు తగ్గిపోవును.

ఈ సంగతి వైద్యుల మనసుకు పట్టుటకు చాలకాలము పట్టెను. 1947లో రిచర్డ్ ఆషర్ అను లండను వైద్యుడు మంచముపై పడుకొనుట వలని అపాయములను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసము వ్రాసెను. ఊపిరితిత్తులు, రక్తనాళములు, చర్మము, కండరములు, ఎముకలు - పడకవలన ఏది ఎట్లు చెడునో అందులో వరుసగా చెప్పెను. 1966లో అమెరికాలోని డల్లాసు నగరములో దీనినే ప్రయోగముగా చేసిరి. ఇరువది యేండ్ల ఆరోగ్యవంతులైన యువకులు అయిదుగురిని 20 రోజులు మంచము దిగనీయలేదు. శ్రమ చేయునప్పుడు శరీరము వాడుకొనగల ప్రాణవాయువు పరిమితి వారిలో నాలుగవ వంతుకు పైగా పడిపోయెను. ముప్పది యేండ్ల తరువాత ఆ అయిదుగురినే మరల పరీక్షించిరి. ముప్పది యేండ్ల వయసు వారికి తెచ్చిన నష్టముకంటె, ఆనాడు మూడు వారముల మంచము తెచ్చిన నష్టమే ఎక్కువగా తేలెను.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానమిది: విశ్రాంతి కూడ ఒక మందే. మందు అయినందుననే దానికి మోతాదు ఉన్నది, మోతాదు మించిన కీడును ఉన్నది.

కదలికను నమ్మినవారు

విశ్రాంతివాదము బలముగా ఉన్న ఆ శతాబ్దిలోనే కదలికను నమ్మినవారును ఉండిరి. స్వీడను దేశస్థుడైన పెర్ హెన్రిక్ లింగ్ (1776-1839) వైద్యుడు కాడు. కత్తిసాము నేర్పు గురువు. కత్తిసాము చేయగా తన చేతిలోని నొప్పి తగ్గుటను గమనించి, కదలికలను క్రమబద్ధము చేయుటకు పూనుకొనెనని చెప్పుదురు. 1813లో స్టాక్‌హోములో రాజపోషణతో ఒక వ్యాయామ సంస్థ ఆయన ఆధ్వర్యమున స్థాపింపబడెను. ఉపాధ్యాయులకు, సైనికులకు, రోగులకు వేరు వేరు వ్యాయామములు అచ్చట ఏర్పడెను. రోగి తానుగా చేయునవి, మరియొకరు పట్టి చేయించునవి, ఎదురు బలము పెట్టగా చేయునవి అను భేదములు లింగ్ పద్ధతిలో ఉండెను. నేటి చికిత్సాలయములో తొలినాడు వినబడు మాటలకు మూలము ఇదియే.

పారిసులో జస్ట్ లూకా-షాంపియోనియేర్ (1843-1913) అను శస్త్రవైద్యుడు ఇంకొక సాహసము చేసెను. విరిగిన ఎముకలను నెలల తరబడి బిగించి ఉంచు ఆ కాలములో, తగిన చోట్ల మృదువైన మర్దనమును, కొద్ది కదలికను ముందుగానే ప్రారంభింపవచ్చునని చెప్పెను. తోటి వైద్యులు చాలమంది ఒప్పుకొనలేదు. కట్టులో ఉండగనే వ్రేళ్లు ఆడించుమని, భుజము త్రిప్పుమని నేడు చెప్పు సలహా ఆ దారిలోనిదే.

నలుగురు నర్సులు, ఒక నియమావళి

కదలిక మంచిదే అయినను దానిని ఎవరు చేయించవలెను? 1894 నాటి లండనులో ఈ ప్రశ్న చిక్కులలో పడెను. మర్దనము పేరుతో నడచు కొన్ని యిండ్లలో వైద్యము కాక వేరు వ్యాపారములు సాగుచున్నవని బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ ఏడు హెచ్చరించెను. నిజముగా రోగులకు సేవ చేయు నర్సులకు దీనివలన చెడ్డపేరు వచ్చెను. లూసీ రాబిన్‌సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మేన్లీ, మార్గరెట్ పామర్ అను నలుగురు అదే ఏడు శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘమును స్థాపించిరి. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చుట, వైద్యుని ఆదేశము లేక చికిత్స చేయరాదనుట, రోగులకు మందులు అమ్మరాదనుట వారి నియమములలో కొన్ని. ఆ సంఘమునకు 1920లో రాజశాసనము లభించెను. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల చార్టర్డ్ సొసైటీ అదియే.

మొదటి ప్రపంచ యుద్ధము ఈ వృత్తిని ఒక్కసారిగా పెద్దది చేసెను. చేతులు, కాళ్లు బిగిసిపోయిన సైనికులు వేలకొలది ఆసుపత్రులకు చేరిరి. థామస్ శిష్యుడును బంధువును అయిన రాబర్ట్ జోన్స్ లివర్‌పూలులో పనిచేయుచుండెను. ఆయనవద్ద అనుభవము సంపాదించిన మేరీ మెక్‌మిలన్ అను అమెరికా వనిత 1918లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చేరి, ఆ దేశములో ఈ పని చేయువారికి శిక్షణ ఇచ్చుటలో ముఖ్యురాలయ్యెను. 1921లో అమెరికాలో ఏర్పడిన వృత్తిసంఘమునకు ఆమెయే మొదటి అధ్యక్షురాలు. విశ్రాంతికి పట్టుగొమ్మయైన థామస్ పరంపరనుండియే కదలికను బోధించు గురువు ఒకరు బయలుదేరుట ఈ కథలోని విశేషము.

కండబలమునకు కొలబద్ద

ఇక రెండవ ప్రశ్న: ఎంత కదపవలెనో వారికి ఎట్లు తెలియును? కొలుచుట చేత తెలియును. ఈ కొలతను పిల్లల కాళ్లు తీసిన పోలియో నేర్పెను.

పోలియోక్రిమి వెన్నుపాములోని చాలక నాడీకణములను దెబ్బతీయును. ఒక కాలిలోనే ఒక కండరము పూర్తిగా చచ్చును, ప్రక్క కండరము సగము బలముతో ఉండును, మూడవది చెక్కుచెదరదు. అట్టి పిల్లవానికి ఏ వ్యాయామము ఈయవలెను? బోస్టనులో డాక్టరు రాబర్ట్ లవెట్ వద్ద పనిచేసిన విల్‌హెల్మీన్ రైట్ 1912 ప్రాంతమున దీనికి ఉపాయము కనిపెట్టెను. 1914లో వెర్మాంటు రాష్ట్రములో పోలియో ప్రబలగా వారిద్దరును ఆ పద్ధతిని అనేకమంది పిల్లలపై ఉపయోగించిరి. ఉపాయము చాల సులభమైనది: భూమ్యాకర్షణనే తూకపురాయిగా వాడుట.

మోచేతిని ముడుచు కండరమును ఉదాహరణగా తీసికొందము. కొద్దిగా మారి నేడు వాడుకలో ఉన్న లెక్క ప్రకారము దానికి 0 నుండి 5 వరకు మార్కులు వేయుదురు. ఎంత ప్రయత్నించినను కండరములో చలనము లేనిచో 0. చెయ్యి కదలకపోయినను వ్రేలితో తాకినప్పుడు కండరము అదురుట తెలిసినచో 1. చేతిని బల్లపై అడ్డముగా పెట్టి, బరువు పైకెత్తు పని లేకుండ చేసినప్పుడు మోచేయి ముడుచుకొన్నచో 2. చేతిని క్రిందికి వ్రేలాడవిడిచి, దాని బరువును అదియే పైకెత్తగలిగినచో 3. పరీక్షించువారు కొంత ఎదురు నొక్కినను ఎత్తగలిగినచో 4. మామూలు బలముతో ఎదుర్కొన్నచో 5. మన పిల్లలకు బలములను గూర్చి పాఠము చెప్పునప్పుడు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. తరగతిలో ఏ పరికరము లేకయే చూపవచ్చును.

కీలు కదలికను కొలుచుటకు మరియొక సాధనము ఉన్నది. జామెట్రీ పెట్టెలోని కోణమానినికి రెండు పొడుగాటి చేతులు తగిలించినచో అది సిద్ధమగును. ఒక చేతిని భుజము వైపు ఎముకకును, రెండవదానిని ముంజేతి ఎముకకును సరిగా పెట్టి, మధ్య కోణమును చదువుదురు. నా మిత్రునికి తొలినాడు చికిత్సకుడు చేసినది ఇదియే. ఆయన దానిని కాలయాపన అనుకొనెను. నిజమునకు ఆనాటి అంకెలు లేకున్న, మూడు వారముల తరువాత చెయ్యి బాగుపడుచున్నదో లేదో ఎవరును చెప్పలేరు. రోగికి తన మెరుగుదల తెలియదు. దినదినము చూచుకొను చేతిలో చిన్న మార్పు కంటికి ఆనదు.

సిస్టర్ కెన్నీ తెచ్చిన వివాదము

పోలియో చరిత్రలోనే ఈ వైద్యమునకు అగ్నిపరీక్ష జరిగెను. 1930 దశకములో కూడ పోలియో వచ్చిన పిల్లలను బద్దలతోను పిండికట్లతోను బిగించి నెలల తరబడి ఉంచుట వాడుక. బలమైన కండరము బలహీనమైన దానిని లాగి అంగమును వంకర చేయునని వైద్యుల భయము. ఆస్ట్రేలియాలోని పల్లెటూళ్లలో నర్సుగా పనిచేసిన ఎలిజబెత్ కెన్నీ (1880-1952) దీనికి ఎదురు తిరిగెను. ఆమె బద్దలను తీసివేసి, వేడినీటిలో పిండిన ఉన్ని గుడ్డలతో కాపడము పెట్టి, నొప్పి తగ్గిన పిమ్మట కీళ్లను మెల్లగా కదలించి, పిల్లలచేత కండరములను మరల వాడించెను.

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము నియమించిన వైద్యసంఘము 1938లో ఆమె పద్ధతిని ఖండించెను. ఆమె 1940లో అమెరికాకు పోయెను. మినియాపొలిస్ నగర వైద్యులు ఆమె పనిని కన్నులార చూచి ఆదరించిరి. 1942లో అచ్చట ఆమె పేర ఒక సంస్థ వెలసెను. కొన్ని యేండ్లలోనే పోలియో పిల్లలను బిగించి ఉంచు వాడుక చాలవరకు తగ్గిపోయెను.

ఇందులో తెలిసికొనదగిన సంగతి ఒకటున్నది. ఆ వ్యాధి కండరములలో ఎట్లు పనిచేయునో కెన్నీ చెప్పిన సిద్ధాంతము సరియైనది కాదు. నాడీకణము చచ్చినచో ఏ కాపడమును దానిని బ్రతికింపలేదు. తన చికిత్సవలన బాగుపడినవారిని గూర్చి ఆమె ఎక్కువగా చెప్పుకొనెననియు విమర్శ ఉన్నది. అయినను బిగింపువలన కీడు కలుగుచున్నదని ఆమె కంటితో చూచినది నిజము. సిద్ధాంతము తప్పయి పరిశీలన ఒప్పగుట శాస్త్రచరిత్రలో క్రొత్త కాదు. రోగి నేర్చుకొనవలసినది, ఏ చికిత్స అయినను చేయగలుగు దానికి హద్దు ఉన్నదనుట. బ్రతికియున్న కండరమునకు బలము వచ్చును, బిగిసిన కీలు సడలును. పోయిన నాడి వ్యాయామముతో తిరిగిరాదు. అన్నిటిని బాగుచేసెదనని మాట ఇచ్చువానిని నమ్మరాదు.

మెల్లమెల్లగా పెంచుట

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో చికాగోలోని సైనిక ఆసుపత్రి ఒకటి మోకాళ్లు దెబ్బతిన్న సైనికులతో నిండిపోయెను. ఆనాటి పద్ధతి తేలిక వ్యాయామమును చాలసార్లు చేయించుట. తొడ కండరము మాత్రము తొందరగా కోలుకొనలేదు. థామస్ డిలోర్మ్ అను యువ వైద్యుడు, చిన్ననాట కీళ్లవాత జ్వరముతో మంచము పట్టి, తరువాత బరువులెత్తి బలము తెచ్చుకొన్నవాడు. తన అనుభవమును సైనికులకు వర్తింపజేసి ఫలితములను 1945లో ప్రకటించెను.

ఆయన సూత్రము ఇది. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు ఎంతో మొదట కనుగొనవలెను. తరువాత సవరించిన పద్ధతిలో ఆ బరువులో సగముతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, పూర్తి బరువుతో పదిసార్లు ఎత్తించును. బలము పెరిగినకొద్ది బరువును పెంచును. అలవాటైన పనికంటె కొంచెము ఎక్కువ పని పెట్టినప్పుడే కండరము పెరుగును. మరీ ఎక్కువైనచో దెబ్బతినును. ఈ రెండు గీతల మధ్య నడిపించుటయే చికిత్సకుని విద్య. అందుచేతనే పక్కింటివారికి చెప్పిన వ్యాయామము మనకు పనికిరాదు, పోయిన నెల చెప్పినది ఈ నెలకు చాలదు.

నడుమునొప్పి విషయమునను ఇట్లే జరిగెను. అమెరికాలో 1986లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 203 మంది రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు ఏడు రోజులు, రెండవ వర్గమునకు రెండు రోజులు పడక విశ్రాంతి చెప్పిరి. రెండు రోజులవారు పనికి పోలేని దినములు 45 శాతము తక్కువ. బాధ తగ్గుటలో మాత్రము భేదము కనబడలేదు.

మన దేశములో

మన దేశమునకు ఈ వృత్తిని తెచ్చినదియు చాలవరకు పోలియోయే. 1953లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో భౌతిక చికిత్సా పాఠశాల ప్రారంభమయ్యెను. 1955లో ఈ వృత్తివారికి అఖిల భారత సంఘము ఏర్పడెను. హైదరాబాదులో 1964లో వెలసిన నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రి తరువాత నిమ్స్‌గా పెరిగెను. ఏ పోలియో కారణముగా ఈ విద్య మన దేశమున వేళ్లూనినదో, ఆ పోలియోనుండి భారతదేశము విముక్తి పొందినట్లు 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను. విద్య మాత్రము నిలిచి, నేడు పక్షవాతమునకు, కీళ్లనొప్పులకు, శస్త్రచికిత్స అయినవారికి ఉపయోగపడుచున్నది. ఈ వృత్తులకు ప్రమాణములు నిర్ణయించుటకు 2021లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. 1894లో నలుగురు నర్సులు కోరినదియు అట్టి కట్టుబాటే.

మూడవ ప్రశ్నకు సమాధానము మనకు చేరువనే, వెల్లూరులో ఉన్నది. మన సీమనుండి వైద్యమునకై ఎందరో పోవు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధిచే వంకరపోయిన చేతులకు 1940 దశకము చివర శస్త్రచికిత్స ప్రారంభించెను. పనిచేయు ఒక కండరపు స్నాయువును, అనగా ఎముకకు కలుపు తాడును, పని పోయిన చోటికి మార్చి కుట్టుటయే ఆ చికిత్స. కుట్టుట అయినంత మాత్రమున చెయ్యి పనిచేయదు. ఒక వ్రేలిని ముడుచుచుండిన కండరము ఇప్పుడు వేరొక పని నేర్చుకొనవలెను. ఆ నేర్పు రోగి మెదడులో, రోగి అభ్యాసములో రావలసినదే గాని, శస్త్రవైద్యుడు ఈయగలది కాదు.

ఆ కళాశాల వైద్యురాలైన మేరీ వర్గీస్ (1925-1986) 1954 జనవరిలో కారు ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింద చలనము కోల్పోయెను. ఆమె కాళ్లు తిరిగి రాలేదు. కాని చేతులకును భుజములకును బలము తెచ్చుకొని, చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. న్యూయార్కులో శిక్షణ పొంది వచ్చి వెల్లూరులో ఈ శాఖకు నాయకురాలయ్యెను. 1966లో అచ్చట పునరావాస సంస్థ ప్రారంభమయ్యెను. చికిత్సకుడు దారి చూపును, కొలుచును, సరిదిద్దును, నడువవలసినది రోగియే. మాస్టారు లెక్క చెప్పవచ్చును గాని, విద్యార్థి తన చేతితో చేయనిదే లెక్క రాదు గదా! ఈ మాట చెప్పినప్పుడు నా మిత్రుడు మొదటిసారి నవ్వెను.

క్రొత్తగా పోవువారికి

ఈ కథను బట్టి క్రొత్త రోగి తెలిసికొనవలసినవి కొన్ని ఉన్నవి. చికిత్సకుడు పట్టా పొందినవాడో కాదో అడిగి తెలిసికొనుటలో తప్పు లేదు. తొలినాడు వైద్యుని చీటీ, ఎక్స్‌రేలు, వాడుచున్న మందుల వివరము తీసికొనిపోవలెను. గుండెజబ్బు, మధుమేహము, రక్తపుపోటు, గర్భము వంటివి దాచక చెప్పవలెను. కీలు బాగుగా కనబడు వదులు దుస్తులు వేసికొనవలెను. తొలినాడు ఎక్కువ భాగము ప్రశ్నలతోను కొలతలతోను గడచును. "నొప్పి తగ్గాలి" అని మాత్రమే గాక, "బోర్డుపై వ్రాయాలి", "మెట్లెక్కాలి", "బావిలో నీళ్లు చేదాలి" అని తన పని చెప్పినచో దానికి తగిన వ్యాయామము ఏర్పడును.

నొప్పిలో భేదము తెలిసికొనవలెను. వ్యాయామము చేయునప్పుడు బిగువు, కొద్ది నొప్పి కలిగి, మరునాటికి సర్దుకొన్నచో సాధారణముగా భయము లేదు. పొడిచినట్టి తీవ్రమైన నొప్పి, మరునాటికిని తగ్గని వాపు, క్రొత్తగా వచ్చిన తిమ్మిరి లేక బలహీనత కలిగినచో ఆపి చికిత్సకునికి చెప్పవలెను. ఒక పిక్క వాచి నొప్పి పుట్టినను, జ్వరము వచ్చినను, ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. ఊపిరి ఆడకున్నను, ఛాతీ నొప్పి పుట్టినను, నడుమునొప్పితో మలమూత్రములపై పట్టు తప్పినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. నొప్పిని ఓర్చుకొన్నంత త్వరగా బాగగుదుమనుట తప్పు. బిగిసిన కీలును బలవంతముగా విరిచి లాగనీయరాదు. ఇంటివద్ద చేయవలసినది ఎన్నిసార్లో వ్రాయించుకొని, చికిత్సకుని యెదుట ఒకసారి చేసి చూపి మరీ ఇంటికి పోవలెను. వారములు గడచినను కొలతలలో మార్పు లేనిచో కారణము అడుగు హక్కు రోగికి ఉన్నది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. కట్టు విప్పి బడికి వచ్చిన పిల్లవానిని "ఇక బాగైంది గదా" అని ఆటలకు తరుమరాదు. "నీకు చేతకాదులే" అని మూల కూర్చుండబెట్టనురాదు. వానికి చెప్పిన వ్యాయామమేదో తెలిసికొని, విరామ సమయమున పది నిమిషములు చేయనిచ్చినచో అది పెద్ద మేలు.

నా మిత్రుడు మరునాడు తిరిగి చికిత్సకు పోయెను. మూడు నెలలు పట్టెను. మోచేయి ఇప్పటికిని చివరి కొద్ది డిగ్రీలు చాగదు. అది బహుశః అట్లే ఉండవచ్చునని వైద్యుడు ముందే చెప్పెను. కాని మొన్న వారి బడికి పోయినప్పుడు, బోర్డు పైఅంచు దగ్గర ఆయన చేతివ్రాతతో తేదీ వ్రాసి ఉండుట చూచితిని.